ఇసుక బస్తాకీ లాంగ్ జంప్‌కీ మధ్య నానమ్మ

ఆ రోజుల్లో శంషాబాద్ చుట్టుపక్కల విమానాలు దిగేవి కావు. విమానమంటే బేగంపేట వైపు పోతూ చాలా ఎత్తున కనిపించే చిన్న చుక్క. మా తొండుపల్లి దగ్గర ఎవరికైనా నేల మీంచి ఎగరాలనిపిస్తే తమ కాళ్ళనే నమ్ముకోవాలి. తొంభైల మధ్యలో నేను అలా నమ్ముకున్నవాణ్ణి. నా కోరిక పెద్దదేమీ కాదు, పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే లాంగ్ జంప్‌లో గీత దాటడం. అంతకు ముందు ఏడాది పరుగులో గట్టెక్కాను, ఇనుప గుండు విసరడంలోనూ గట్టెక్కాను, లాంగ్ జంప్ దగ్గరికొచ్చేసరికి ఒక్క జానెడు తక్కువ పడింది. ఆ సంగతి ఇంట్లో చెప్పిన పాపానికి (మా ఇంట్లో చెబితే ఊళ్ళో మైకు పెట్టి చెప్పినట్టే) పేరే మారిపోయింది. సోడా బండి దగ్గర, బస్టాపులో, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా, "ఏం జానెడూ, బాగున్నవా?" అనేవాళ్ళు. ఇక వయసు చూస్తే వచ్చే పరీక్షే ఆఖరిది. బాపు కూడా తేల్చి చెప్పేశాడు. "ఈసారి కాకుంటే ఇగ బందు. టమాట తోటల దిగు." టమాటా తోట మీద నాకేం కోపం లేదు, కానీ జీవితాంతం జానెడుగాడిగా దాంట్లో నిలబడటం ఇష్టం లేకపోయింది.

నన్ను ఉద్ధరించడానికి ముందుకొచ్చినవాడు మా అక్క భర్త. ఆయన రాజేంద్రనగర్‌లో ఒక కాలేజీ మైదానంలో సున్నంతో గీతలు గీసే పని చేసేవాడు. అందుకే మా ఇంట్లో ఆయన్ని గీతల బావ అనేవాళ్ళం. మనిషి భారీగా ఉండేవాడు, సైకిలెక్కితే సైకిల్ కనిపించేది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "బామ్మర్దీ, నీ రోగానికి మందు దొరికింది" అన్నాడు. వాళ్ళ మైదానంలో ఆటలు నేర్పే సారు ఒకాయన ఉండేవాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కాబట్టి ఈల సారు. ఆయన తన దగ్గర దూకడం నేర్చుకునే పిల్లలకు కొత్త పద్ధతి పెట్టాడట. ముందు బాగా బరువెత్తాలి, ఆ తర్వాత గట్టిగా దూకాలి. "నా కండ్లతోని చూసిన. బరువెత్తుడు, దునుకుడు. గంతే ముచ్చట. రెండు నెలల్ల పోరగాండ్లు జింకలైండ్రు" అన్నాడు బావ. ఆయన గీతలు గీసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరికి వస్తూ, పోతూ విన్న విద్య అది. వచ్చేటప్పుడు విన్నది విన్నాడు, పోయేటప్పుడు సారు ఏం చెప్పాడో వినలేదు. ఆ వినని భాగం నా ప్రాణం మీదికి తెస్తుందని మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడే మొదలుపెట్టాం. మా పశువుల కొట్టం వెనక ఒక ఒర్రె ఉండేది. వానలప్పుడు తప్ప నీళ్ళుండని చిన్న వాగు అది, నిండా మెత్తటి ఇసుక. దూకడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. బరువుకు మొదట జొన్నల బస్తా తీసుకున్నాం. నేను దాన్ని వీపు మీద పెట్టుకుని సగం కూర్చుని లేవబోతే బస్తా జారి పిగిలి, జొన్నలు కొట్టమంతా పరుచుకున్నాయి. వాడకట్టులో కోళ్ళన్నీ ఎవరో పిలిచినట్టు వచ్చేశాయి. అమ్మ చీపురు పట్టుకుని కోళ్ళ కోసం వచ్చింది గానీ ఎక్కువ దెబ్బలు బావకు తగిలాయి. ఆ తర్వాత రెండు యూరియా సంచులు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఇసుక నింపి మూతి కుట్టేశాం. పొద్దున ఇరవై సార్లు ఎత్తడం, దించిన మరుక్షణమే ఒర్రెలోకి ఇరవై సార్లు దూకడం. సాయంత్రం మళ్ళీ అంతే. ఊపిరి పీల్చుకుందామని ఆగితే బావ ఊరుకునేవాడు కాదు. "ఆగకు, ఆగకు, వేడి మీదనే దునుకాలె." రోజూ అదే. ఆదివారం కూడా సెలవు లేదు.

మూడు వారాలు తిరిగేసరికి నా పరిస్థితి ఇది: బస్సు మెట్టు ఎక్కాలంటే కడ్డీ పట్టుకుని కాలును చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. పొద్దున్నే చెంబు పట్టుకుని చెలకల్లోకి పోయినవాణ్ణి కూర్చోవడం వరకు కూర్చునేవాణ్ణి, లేవడానికి పక్కనున్న తంగేడు కొమ్మ సాయం కావాలి. దూకు దూరం సంగతి చెప్పాలంటే, బావ కట్టెతో గీసిన గీతలు రోజురోజుకూ నా వైపే నడిచొస్తున్నాయి. జానెడు తక్కువవాణ్ణి మూరెడు తక్కువవాణ్ణయ్యాను. ఒక ఆదివారం చర్చిలో అందరితో పాటు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్రార్థన అయిపోయింది, అందరూ లేచారు, నేను లేవలేదు. లేవలేకపోయాను. పాట పాడారు, ప్రసంగం మొదలైంది, నేను తల వంచుకుని అలాగే ఉన్నాను. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆపి, ఈ కాలం యువకుల్లో ఇంత భక్తి చూడటం అరుదని నన్ను చూపించి చెప్పారు. నానమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఇంటికి నడిచి పోతుంటే ఆమె నా చెయ్యి వదల్లేదు, నేనూ వదల్లేదు. ఆమెది ప్రేమ, నాది ఆసరా.

ఇక లాభం లేదని నేనే రాజేంద్రనగర్ పోయి ఈల సారు ముందు నిలబడ్డాను. ఆయనది కోస్తా వైపు. మాట మెల్లగా, మర్యాదగా ఉంటుంది, అందులో మనం ఎంత వెధవలమో మర్యాదగానే తెలిసిపోతుంది. నా కథంతా విని, "ఒకసారి దూకండి చూద్దాం" అన్నాడు. దూకాను. "దూకమన్నానండీ, దిగమనలేదు" అన్నాడు. తర్వాత పక్కన కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. బరువు ఎత్తాల్సింది ఇరవై సార్లు కాదు, నాలుగైదు సార్లు, కానీ అది నిజంగా బరువనిపించాలి. ఆ బరువు కాళ్ళను నిద్రలేపుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అలసట దిగిపోవాలి, మెలకువ మాత్రం మిగలాలి. అప్పుడు లేచి ఉన్న బలమంతా పెట్టి మూడు నాలుగు దూకులు, అంతే. మళ్ళీ కూర్చోవాలి. ఇదంతా వారానికి రెండు రోజులే. "అలిసిపోయిన కాళ్ళతో దూకితే కాళ్ళు అలసటనే నేర్చుకుంటాయి. మీరు నెల నుంచి శ్రద్ధగా నేర్పించింది అదేనండి" అన్నాడు. నేను అక్కడే గీతలు గీస్తున్న బావ వైపు చూశాను. ఆయన సున్నం డబ్బా వైపు చూశాడు.

ఎత్తే సార్లు తగ్గించమన్నారు, రోజులు తగ్గించమన్నారు, ఇంత సుఖమైన చదువు ప్రపంచంలో ఉంటుందా అనుకుంటూ ఇంటికొచ్చాను. వచ్చాక తెలిసింది, అందులో అన్నిటికన్నా కష్టమైన పని కూర్చోవడమే అని. వ్యవసాయం చేసే ఇంట్లో పాతికేళ్ళ మగవాడు పట్టపగలు మూడు నిమిషాలు ఊరికే కూర్చోవడమంటే చిన్న విషయం కాదు. బస్తా దించి కొట్టం గోడకు ఆనుకుని అలా కూర్చున్నానో లేదో, "ఏందిరా కూసున్నవ్, కరెంటొచ్చింది, మోటరెయ్యి" అని బాపు. మోటారు వేసి వచ్చి మళ్ళీ బస్తా ఎత్తి కూర్చుంటే, "ఖాళీగనే ఉన్నవ్ గద, బర్రెకు జర మేత వెయ్యి" అని అమ్మ. మేత వేసి వచ్చి కూర్చుంటే, కొత్తిమీర కట్టలు కట్టమని మళ్ళీ బాపు. నేను శిక్షణలో ఉన్నానని చెప్పి చూశాను. "కూసునుడు గూడ ట్రైనింగేనా? నౌకరి వచ్చినంక కూసో, గప్పుడు సర్కారే కూసోబెడ్తది" అన్నాడు బాపు (ఆ మాటలో కొంత నిజముందని నాకు తర్వాత తెలిసింది). పరీక్షకు ఐదు వారాలుంది. బరువుంది, ఒర్రె ఉంది, పద్ధతి తెలిసింది, మూడు నిమిషాల తీరిక దొరకడం లేదు.

ఆలోచిస్తే మా ఇంట్లో కూర్చున్న మనిషిని ఎవరూ లేపని సందర్భాలు రెండే. ఒకటి అన్నం తినేటప్పుడు. బస్తా ఎత్తిన ప్రతిసారీ అన్నం తినడం కుదరదు. రెండోది ప్రార్థన. ఈ రెండోది తట్టగానే నాకు సిగ్గేసింది, కానీ సిగ్గు కన్నా జానెడు పెద్దది. మర్నాడు బస్తా ఐదుసార్లు ఎత్తి దించి, కొట్టం గోడ పక్కన కూర్చుని, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బాపు చెప్పుల చప్పుడు వినిపించింది. "ఏందిరా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. సగం కన్ను తెరిచి చూస్తే తలకు చుట్టిన రుమాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపు ఉండి, తనే పోయి మోటారు వేసుకున్నాడు. నేను లోపల లెక్కపెట్టుకుంటున్న నిమిషాలు పూర్తయ్యాయి. లేచి దూకాను. ఆ రోజు ఒర్రెలో ఇసుక మీద నా మడమల గుర్తు పాత గీతకు అవతల పడింది.

అలా నేనొక్కణ్ణే ఆ మోసం సాగిస్తే కథ అక్కడికి ముగిసేదేమో. రెండోసారికే నానమ్మ కనిపెట్టి (అంటే నా భక్తిని కనిపెట్టిందని నేననుకున్నాను) నెమ్మదిగా కర్ర ఊనుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఒక్కనివి ఎందుకు చేస్తవ్ బిడ్డా, నేను గూడ చేస్త" అని, కొంగు తల మీదికి లాక్కుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ప్రార్థనకు ఒక వరస ఉండేది. ముందు పాస్టరు గారు. తర్వాత బాపు, అమ్మ, అక్క, గీతల బావ మోకాలి నొప్పి. మైలార్‌దేవ్‌పల్లిలో ఉండే మేనత్త ఆయాసం, ఆమె కొడుకు కోపం. పక్కింటివాళ్ళు బోరు వేస్తే నీళ్ళు పడలేదు, ఆ బోరు. మా బర్రె, దాని దూడ. కరెంటు ఇచ్చేవాళ్ళ మనసు మార్చమని ఒక విన్నపం. అందరూ అయిపోయాక ఆఖరున నేను: "గీ పోరని కాళ్ళల్ల జర బలం పెట్టు తండ్రీ. ఇగ లెవ్వు బిడ్డా." ఆమె లేవమన్నప్పుడు నేను లేచేవాణ్ణి. ఒకసారి గడియారం పెట్టి చూస్తే అటూ ఇటూగా నాలుగు నిమిషాలు. ఈల సారు చెప్పినదాని కన్నా తక్కువ ఏ రోజూ కాలేదు. వాడకట్టులో ఎవరికైనా జ్వరం వస్తే ఇంకో పేరు చేరేది, నాకు ఇంకొంచెం విశ్రాంతి దొరికేది. ఊళ్ళో జ్వరాలొస్తే నా దూకు పెరిగిందని చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది, కానీ జరిగింది అదే.

ఐదు వారాల్లో కాళ్ళు మారిపోయాయి. సన్నబడలేదు, లావెక్కలేదు, చెప్పిన మాట వెంటనే వినడం నేర్చుకున్నాయి. బస్తాలో ఇసుక రెండుసార్లు పెంచాం. ఒర్రెలో బావ గీసిన గీతను దాటి దూకడం మామూలైపోయింది. ఒకటే చిక్కు వచ్చి పడింది. బరువెత్తకుండా దూకితే కాళ్ళు నా మాట వినడం లేదు. కనీసం నాకు అలా అనిపించేది, ఆ వయసులో అనిపించడమే చాలు. పరీక్ష మైదానానికి ఇసుక బస్తా మోసుకుపోవడం ఎలాగని నేను బెంగపడుతుంటే, "నేనున్న గదరా" అన్నాడు గీతల బావ. నిజమే, ఆయన కూడా ఇంచుమించు బస్తా అంత ఉంటాడు. పరీక్ష రోజు పొద్దున్నే నానమ్మ కాళ్ళకు మొక్కి, నా బరువును వెంటబెట్టుకుని బస్సెక్కి నగరానికి పోయాను. మైదానం గేటు దగ్గర పోలీసు నా కాగితం చూసి లోపలికి పంపాడు, బావను ఆపేశాడు. "నేను ఆయన సామాను సార్" అన్నాడు బావ. ఆ మాటను ఆ పోలీసు నమ్మలేదు. అలా నా బరువు గేటు బయటే ఉండిపోయింది.

లాంగ్ జంప్ వరసలో నా వెనక మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన ఒకతను నిలబడి ఉన్నాడు. మనిషి దిట్టంగా ఉన్నాడు, ఇనుప గుండు విసిరే వాటం. కాసేపు ఆలోచించి, "అన్నా, జర నా వీపు మీదికెక్కుతవా?" అని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎందుకన్నా?" "దునుకనీకె." ఇంకేం అడగలేదు, ఎక్కాడు. పోలీసు పరీక్షకు వచ్చినవాళ్ళు రకరకాల మొక్కులు చెల్లించడం చూసి ఉంటాడు, ఇదీ ఒక మొక్కనుకున్నాడట. నేను ఐదుసార్లు కూర్చుని లేచాను. పేర్లు పిలిచే హెడ్ కానిస్టేబుల్, "ఏందది, సర్కసా? దిగు" అని అరిచాడు. అతను దిగాడు. నేను కూర్చుని కళ్ళు మూసుకున్నాను గానీ భయంతో ప్రార్థన దడదడా చదివేశాను, అరనిమిషం కూడా పట్టలేదు. నంబరు పిలిచారు, పోయి దూకాను. నాలుగు వేళ్ళు తక్కువ. ఒక్కొక్కరికి మూడే అవకాశాలు. రెండోసారికి బరువూ వద్దు, ప్రార్థనా వద్దు, ధైర్యం ఒక్కటే చాలని పరిగెత్తాను. జానెడు తక్కువ. అదే జానెడు. కొలిచే టేపు కూడా నన్ను గుర్తుపట్టి పలకరించినట్టు అనిపించింది. టమాటా తోట, సోడా బండి, చర్చి మెట్లు, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ఏడుపొచ్చింది, చెప్పడానికేముంది.

మూడో అవకాశం వచ్చేలోగా మైలార్‌దేవ్‌పల్లి అన్న తనే వచ్చి, "ఎక్కాల్నా అన్నా?" అన్నాడు. ఐదుసార్లు ఎత్తి దించి, వరసకు దూరంగా పోయి నేల మీద కూర్చున్నాను. గడియారం లోపలికి రానివ్వలేదు. నాకు తెలిసిన గడియారం ఒక్కటే. పాస్టరు గారి దగ్గర మొదలుపెట్టాను. బాపు, అమ్మ, అక్క. బావ మోకాలు. మేనత్త ఆయాసం దగ్గరికొచ్చేసరికి ఊపిరి నిదానించింది. ఆమె కొడుకు కోపం. పక్కింటి బోరు. ఇంతలో నా నంబరు పిలవడం వినిపించింది. కళ్ళు తెరవబోయాను, కానీ ఇంకా బర్రె రాలేదు. మళ్ళీ పిలిచారు. మైలార్‌దేవ్‌పల్లి అన్న గొంతు వినిపించింది: "దేవుని పనిల ఉన్నడు సార్, జర ఆగుండ్రి." కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గించి, "సరే, ఎనకాలోన్ని పంపు" అన్నాడు. దేవుని పనిలో ఉన్నవాణ్ణి లేపకూడదని మా ఇంట్లోనే కాదు, పోలీసు శాఖలోనూ ఉందన్నమాట. నేను తొందరపడలేదు. బర్రె, దాని దూడ, కరెంటు ఇచ్చేవాళ్ళ మనసు. ఆఖరుకు నేను. ఇగ లెవ్వు బిడ్డా. లేచాను, పరిగెత్తాను, దూకాను. గాల్లో ఉన్నంతసేపూ ఏ ఆలోచనా లేదు. ఇసుకలో పడి వెనక్కి తిరిగి చూస్తే గీత నా వెనక చాలా దూరంలో ఉంది. టేపు పట్టినతను రెండుసార్లు కొలిచాడు. గోడ మీదికి తల పెట్టి చూస్తున్న గీతల బావ మాత్రం, వాళ్ళు గీసిన గీత వంకరగా ఉందని బస్సులో ఇంటి దాకా చెబుతూనే ఉన్నాడు.

ఉద్యోగం వచ్చిన కాగితం అందిన రోజు నాకు మనసు ఊరుకోలేదు. నానమ్మ కొట్టం దగ్గర చిక్కుడుకాయలు గిల్లుతుంటే పోయి కూర్చుని నిజం చెప్పేశాను. నాది భక్తి కాదని, బాపు లేపకుండా ఉండాలనే కళ్ళు మూసుకున్నానని, ఆమె ప్రార్థనను గడియారంలా వాడుకున్నానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చిక్కుడుకాయ గిల్లడం ఆపలేదు. "నాకెర్కలేదారా? కండ్లు మూసుకొని పిక్కలు పిసుక్కునేటోనికి భక్తి ఏడిది?" అంది. నేను నోరు తెరిచాను. "మరి తెలిసి తెలిసీ ఎందుకు చేసినవ్ నానమ్మా?" ఆమె ఇంకో కాయ గిల్లి గంపలో వేసింది. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. "నేను గీ ఇంటికి కోడలుగ వచ్చినప్పుడు కూసుంటే మా అత్త ఊకునేది కాదు. నడుము పడిపోయేది. ప్రార్థన చేస్తుంటే మాత్రం లేపేది కాదు. గట్ల దేవుని పేరు చెప్పి కూసున్న. జర ఎక్కువసేపు కూసోవాలంటే ఇంకో పేరు కలుపుకునేదాన్ని. గా పేర్లే ఇయ్యి." నేను అడిగాను, మరి ప్రార్థన నిజంగా చేసేదానివా అని. "చేసిన. నడుమూ నిలిచింది, ప్రార్థనా అయింది. దేవుడు ఏమన్న లెక్క అడిగిండా?" అని చిక్కుళ్ళ గంప నా చేతికిచ్చి, లోపల పెట్టి రమ్మంది. ఖాళీగా కూర్చుని ఉన్నాను కదా.

ఇప్పుడు మా ఒర్రె ఉన్న వైపంతా విమానాశ్రయం రోడ్లే. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ నేను ఆ రోడ్ల మీదే డ్యూటీ చేస్తున్నాను. బాపు చెప్పినట్టు సర్కారు బాగానే కూర్చోబెట్టింది, పొట్ట చూస్తే తెలుస్తుంది. మొన్న ఫుట్‌పాత్ పక్కన చిన్న మురుగునీటి మోరీ దాటాల్సి వస్తే అటూ ఇటూ చూసి, చుట్టూ తిరిగి పోయాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు పోలీసు బూత్‌లో కళ్ళు మూసుకుని ఆ పాత వరస చెప్పుకుంటాను. నాలుగు నిమిషాలు పట్టేది ఇప్పుడు నిమిషంలోపే అయిపోతుంది. పాస్టరు గారు లేరు, బాపు లేడు, మేనత్త లేదు, ఆమె కొడుకు కోపం కూడా చల్లారిపోయింది. గీతల బావ మోకాలు మాత్రం నమ్మకంగా ఇంకా నొప్పి పెడుతోంది. అన్నేళ్ళలో, అన్ని పేర్లలో, నానమ్మ తన పేరు ఒక్కసారి కూడా చెప్పుకోలేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అందుకే ఇప్పుడు నేను ఆమెతోనే మొదలుపెడతాను. ఆమె తర్వాత బావ మోకాలు, ఆ తర్వాత, లేకపోయినా సరే, బర్రె.